ఖాళీ మిషన్ చప్పుడు

ఆగస్టు 8, 1982, ఆదివారం

రెండో ఆదివారం సభ అనుకున్నట్టే నాలుగున్నరకి, అంటే రాహుకాలం మొదలయ్యే వేళకి, గ్రంథాలయం హాల్లో మొదలుపెట్టాం. మా హేతువాద మిత్రమండలి పుట్టిన దగ్గర్నుంచీ ఇదే పద్ధతి. సభలు రాహుకాలంలో జరగాలి, కొత్త పనులు వర్జ్యంలో మొదలుపెట్టాలి. దానివల్ల కార్యదర్శిగా నాకు పంచాంగం క్షుణ్ణంగా వచ్చేసింది. పోయిన నెల పూజారి గారు దారిలో ఆపి, శనివారం దుర్ముహూర్తం ఎన్నింటికని నన్నడిగారు. చెప్పాను.

ఈరోజు ఎరువుల కొట్టు భవానీప్రసాద్ అరచేతిలోంచి విభూతి తీసి, ఎలా తీశాడో కూడా చూపించాడు. విభూతి వచ్చినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ఎలా వచ్చిందో చెప్పినప్పుడు కొట్టలేదు. ముందు వరుసలో ఇద్దరు ముసలమ్మలు ఆ విభూతిని పొట్లం కట్టించుకుని వెళ్లారు. సభ తర్వాత టీ, మిరపకాయ బజ్జీలు. మండలి సభ్యులం పదకొండు మందిమి. బజ్జీల వేళకి ముప్ఫై మందిమి.

ఇంటికొచ్చి మా ఆవిడ రాజేశ్వరి కుట్టుమిషన్‌కి నూనె పెట్టాను. నూనె పెట్టాక కాసేపు తొక్కితేగానీ లోపలికి దిగదు. ఆమె పోయి ఆరు నెలలైంది. వాడని మిషన్ తుప్పు పడుతుందని మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది.

ఆగస్టు 10, మంగళవారం

స్కూల్లో సైన్సు గది తాళంచెవి పోయింది. మిషన్‌కి నూనె.

ఆగస్టు 11, బుధవారం

పొద్దున పిట్టగోడ మీద ఒక జాకెట్టు ముక్క కనపడింది. పసుపు రంగు. గాలికి పడిందేమో అనుకున్నాను, కానీ మడతపెట్టి, పైన రాయి పెట్టి ఉంది. పక్కింటి రత్తమ్మ గారిని అడిగితే తనది కాదంది, నా మొహం చూడకుండా. తీసి లోపల పెట్టాను.

ఆగస్టు 13, శుక్రవారం

మిషన్‌కి నూనె.

ఆగస్టు 16, సోమవారం

ఇంకో ముక్క. ఆకుపచ్చ. ఈసారి దాని మీద కుంకుమ బొట్టు.

సాయంత్రం రత్తమ్మ గారు తనంతట తనే వచ్చి గుమ్మం బయటే నిలబడింది. ఆమె భర్త లారీ మీద తిరుగుతాడు, నెలకి నాలుగు రోజులు కూడా ఇంట్లో ఉండడు. కూతురు కమలాకుమారికి పంతొమ్మిదేళ్లు. రాజేశ్వరి దగ్గర మూడేళ్లు కుట్టుపని నేర్చుకుంది. రాజేశ్వరి ఆ పిల్లని సొంత చెల్లెల్లా చూసేది.

"మీరేమీ అనుకోకండి మాస్టారూ. పొద్దుగూకితే అమ్మగారు మిషన్ తొక్కుతున్నారండి. మా కమల వింటా ఉంది. బట్ట లేక ఖాళీగా తొక్కుతున్నారంట. అందుకని ముక్కలు పెట్టాం" అంది.

దయ్యాలు లేవని ఆమెకి ఇరవై నిమిషాలు చెప్పాను. మర్యాదగా అంతా విని, "అయితే ఆ ముక్కలు చాలవంటారా?" అని అడిగింది.

ఆగస్టు 22, ఆదివారం

నందిగామలో సభ. నేనూ భవానీప్రసాదూ బస్సులో వెళ్లాం. జనం బాగానే వచ్చారు. ప్రశ్నల సమయంలో ఒకాయన లేచి, మా ఊరు పేటలో కుట్టుమిషన్ దయ్యం సంగతేమిటని అడిగాడు. ఆ కబురు మా బస్సుకంటే ముందే నందిగామలో దిగింది. ఎవరింట్లో అని అడిగాను. మీ సంఘం వాళ్లింట్లోనే అంట కదండీ అన్నాడు. భవానీప్రసాద్ నా వైపు చూశాడు. నేను మంచినీళ్లు తాగాను.

తిరుగు ప్రయాణంలో చిల్లకల్లు దాటేదాకా అతను టిక్కెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాడు. తర్వాత, వదినగారు చాలా మంచివారండీ అన్నాడు. దానికీ దీనికీ సంబంధం లేదన్నాను.

ఆగస్టు 25, బుధవారం

కార్యవర్గ సమావేశం. కార్యదర్శి ఇంట్లోనే దయ్యం ఉందంటే మండలి తలుపులు మూసుకోవలసి వస్తుందని మా అధ్యక్షులు భావనారాయణ గారు అన్నారు. ఆయన రిటైరైన ఓవర్సీరు, ఏదైనా కొలిస్తేగానీ ఒప్పుకోరు. వచ్చే రెండో ఆదివారం సభ ఈ విషయం మీదే పెట్టాలని, ముందుగా పరిశోధన జరగాలని తీర్మానించాం. పరిశోధకుడు నేను. వక్త కూడా నేనే. ఇంటి యజమానిని కాబట్టి సౌకర్యంగా ఉంటుందన్నారు.

పరిశోధనకి మా దగ్గర ఒక ఫారం ఉంది. అయిదేళ్ల కిందట నేనే తయారుచేశాను. విన్నవారి పేరు, తేదీ, వేళ, చప్పుడు తీరు, ఆ వేళ ఇంట్లో ఉన్నవారు. నూటికి తొంభై దయ్యాలు ఆ చివరి గడిలోనే దొరుకుతాయని కొత్త సభ్యులకి చెప్పేవాణ్ణి.

మిషన్‌కి నూనె.

ఆగస్టు 29, ఆదివారం

ఫారం తీసుకుని పక్కింటికి వెళ్లాను. కమల బాగా చిక్కిపోయింది. నిద్రలో బట్ట ఇవ్వండి, బట్ట ఇవ్వండి అని కలవరిస్తోందట. అది కమల మాట కాదని, రాజేశ్వరి పట్టి పలికిస్తోందని తల్లి అనుమానం.

గోడ మీది క్యాలెండర్ తీసి కమల నా ముందు పెట్టింది. చప్పుడు విన్న తేదీలకి పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. క్లాసులో నా పిల్లలెవరూ ఇంత శుభ్రంగా రికార్డు రాయరు.

"ఏడింటికండీ. ముందు రెండుసార్లు చక్రం వెనక్కి తిరుగుద్ది. అప్పుడు ముందుకి సాగుద్ది" అంది.

గోడ అవతల్నుంచి అది ఎలా తెలుస్తుందని అడిగాను. మూడేళ్లు అక్క పక్కన కూర్చున్నానండీ అంది. బట్ట ఉంటే మిషన్ మెత్తగా నడుస్తుందట, లేకపోతే బట్టని జరిపే పళ్లు టకటక కొట్టుకుంటాయట. కొత్తగా నేర్చుకునేవాళ్లు తొక్కితేనే చక్రం వెనక్కి పోతుందట. అక్క కాలు ఎప్పుడూ అలా తడబడలేదంది.

"మరి ఇప్పుడెందుకు తడబడుతోంది?" అని అడిగాను.

"దయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయి కదండీ" అంది.

తనకి భయం లేదంది. చచ్చిపోయాక కూడా అక్క పని లేక ఖాళీ మిషన్ తొక్కుకుంటోందని జాలేసి అన్నం సహించడం లేదంది. దీనికి ఏ గడిలోనూ చోటు లేదు.

ఆమె సున్నాలు చుట్టిన తేదీల్లో కొన్ని నేను మిషన్‌కి నూనె పెట్టిన రోజులే. కానీ నూనె పెట్టడం వేరు, కుట్టడం వేరు. చివరి గడి తర్వాత పూరించవచ్చు.

సెప్టెంబరు 1, బుధవారం

ఈ వారం మిషన్ జోలికి పోలేదు. పోనవసరం కూడా లేదు.

సెప్టెంబరు 2, గురువారం

నూనె.

సెప్టెంబరు 7, మంగళవారం

ఉపన్యాసం రాస్తున్నాను. చప్పుళ్లకి కారణాలు: ఎలుకలు, ఎండకి సాగిన దూలాలు సాయంత్రం చల్లబడి చేసే శబ్దం, సున్నపురాయి క్వారీల్లో పేలుళ్లకి కిటికీలు అదరడం, ఆత్మీయులు పోయినవారి మనసు కల్పించుకునే భ్రమ, పుకార్లు. మొత్తం అయిదు. ఆరోది రాసి కొట్టేశాను. ఉపన్యాసం పెద్దదైపోతుంది.

పిట్టగోడ మీద ముక్కలు ఇప్పటికి తొమ్మిది.

సెప్టెంబరు 12, ఆదివారం

హాలు నిండిపోయింది. కిటికీలు పట్టుకుని వేలాడారు. మండలి చరిత్రలో ఇంత జనం రాలేదని భావనారాయణ గారు అన్నారు. యాభై నిమిషాలు మాట్లాడాను. నాలుగో కారణం బాగా వచ్చింది. పోయినవారి మీద ఎంతో ప్రేమ ఉన్న మనిషికి లేని చప్పుడు వినిపిస్తుందని, అది రోగమే గానీ దయ్యం కాదని, అటువంటివారిని మనం జాలితో చూడాలని చెప్పాను. పేరు చెప్పలేదు. అయినా తలలన్నీ చివరి వరుసకి తిరిగాయి. కమల అక్కడ తల్లి పక్కన కూర్చుని ఉంది.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. కమల మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. బజ్జీలు కూడా తినలేదు.

నేను అబద్ధమేమీ చెప్పలేదు. మా ఇంట్లో ఎలుకలు ఉన్నాయి.

సెప్టెంబరు 13, సోమవారం

రత్తమ్మ గారు పొద్దున్నే వచ్చి నాకు దండం పెట్టింది.

"మీరు చెప్పాక నాకు నమ్మకం కుదిరిందండి. చప్పుడు మీ ఇంట్లో లేదు, దీని బుర్రలోనే ఉంది. అంటే అమ్మగారు మీ ఇల్లు వదిలేసి దీంట్లో దూరినట్టే కదా" అంది.

గరికపాడు బ్రహ్మయ్యకి కబురు పెట్టిందట. చెక్‌పోస్టు దగ్గర లారీల వాళ్లకి తాయెత్తులు కడుతూ పేరు తెచ్చుకున్న భూతవైద్యుడు. శుక్రవారం, అమావాస్య కలిసొచ్చాయి కాబట్టి ఆరోజు వస్తాడట. ఎండుమిరపకాయల పొగ వేస్తాడు, దానికి దిగకపోతే వాతలు పెడతాడు. వద్దని గట్టిగా చెప్పాను. మరి మందు మీ దగ్గరుందా మాస్టారూ అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది.

యాభై నిమిషాలు కష్టపడి ఆ పిల్లని నేనే బ్రహ్మయ్య చేతిలో పెట్టాను.

సెప్టెంబరు 15, బుధవారం

రత్తమ్మ గారు అట్లకాడ అడిగితే ఇచ్చాను. అట్లు పోస్తుందనుకున్నాను. వెళ్తూ వెళ్తూ చెప్పింది, పోయిన మనిషి చేతి వస్తువుతో వాత పెడితే తొందరగా దిగుతుందన్నాడట బ్రహ్మయ్య. వెనక్కి అడగడానికి నోరు రాలేదు.

సెప్టెంబరు 16, గురువారం

బడికి వెళ్లలేదు. ఈ డైరీ మొదటి నుంచీ చదివాను. ఒక తెల్లకాగితం మీద ఒకవైపు కమల చెప్పిన తేదీలు, రెండోవైపు నేను నూనె అని రాసిన తేదీలు వేశాను. ఆగస్టులో నావన్నీ ఆమె లెక్కలో ఉన్నాయి. ఆమె లెక్కలో ఉండి నా దగ్గర లేని తేదీలు ఇంకా పదకొండు. ఆ రోజుల్లో కూడా తొక్కాను. రాయలేదు, అంతే.

నూనె డబ్బా తీసి చూశాను. అందులో చుక్క లేదు. జూలైలోనే అయిపోయింది. కొత్తది కొనలేదు.

ఏడింటికి రాజేశ్వరి మిషన్ ముందు కూర్చునేది. నేను ముందు గదిలో పేపర్లు దిద్దుతూ ఆ చప్పుడు వినేవాణ్ణి. పద్దెనిమిదేళ్లు విన్నాను. వింటున్నానని నాకు తెలియదు కూడా. ఫిబ్రవరిలో అది ఆగిపోయాక ఆ ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. నిజం ఇంతే. తుప్పు సంగతి కాదు.

చెబితే పేటంతా నవ్వుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల ఒంటి మీద వాత పడుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముందని ఎవరైనా అడుగుతారు. నేను నాలుగు రోజులు ఆలోచించాను. నవ్వుతారని కాదు. చెప్పేస్తే మళ్లీ తొక్కలేనని.

సెప్టెంబరు 17, శుక్రవారం

బ్రహ్మయ్య రాహుకాలం దాటాక, పన్నెండింటికి మొదలుపెడతానన్నాడు. నేను మా పద్ధతి ప్రకారం రాహుకాలంలోనే, పదకొండింటికి వెళ్లాను. నిరసన తెలపడానికి భావనారాయణ గారూ భవానీప్రసాదూ అప్పటికే వచ్చి, బ్రహ్మయ్య వేయించిన బల్ల మీదే కూర్చుని ఉన్నారు. వాకిట్లో ముగ్గు, వేపమండలు, పళ్లెంలో ఎండుమిరపకాయలు. కుంపట్లో మా అట్లకాడ. వీధివాళ్లంతా చేరారు. కమల ముగ్గు మధ్యలో తలొంచుకుని కూర్చుంది.

మిషన్ తొక్కేది నేనేనని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. దీన్ని తప్పించడానికి అలా అంటున్నారండి, మీది మంచి మనసు అని రత్తమ్మ గారు కళ్లొత్తుకుంది. భవానీప్రసాద్ కూడా నా చెవిలో, బాగా చెప్పారండీ, అలాగే కానివ్వండి అన్నాడు.

మాటలతో పని కాదని రుజువుకి దిగాను. నేనూ భవానీప్రసాదూ కలిసి మిషన్‌ని మోసుకొచ్చి వాకిట్లో పెట్టాం. ఇనుప కాళ్లు, బాగా బరువు. కమలని వెనక్కి తిరిగి కూర్చోమన్నాను. తొక్కాను. చక్రం రెండుసార్లు వెనక్కి తిరిగింది. తర్వాత ముందుకి సాగింది. పళ్లు టకటకలాడాయి. అయిదేళ్లుగా వేదికల మీద ఎన్నో చూపించాను గానీ ఇంత తేలిగ్గా ఏదీ రుజువు కాలేదు.

"అదేనండీ" అంది కమల, తిరగకుండానే. తర్వాత తిరిగి నా పాదాల వైపు చూసింది. చాలాసేపు చూసింది. "నేను మీరనుకోలేదు మాస్టారూ" అంది.

ఆదివారం నేను రోగం అన్నది నీ గురించి కాదమ్మా, నా గురించి అన్నాను. అందరి ముందూ అన్నాను.

రత్తమ్మ గారు మెల్లగా, "ఎందుకండీ మాస్టారూ, రోజూ?" అని అడిగింది.

నా దగ్గర అయిదు కారణాలు ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు.

"చప్పుడు వినపడితే ఆవిడ ఇంట్లో ఉన్నట్టుంటదండీ. తొక్కేది నేనేనని తెలిసినా అలాగే ఉంటది" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. వీధంతా చూస్తుండగా మిషన్ మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె పోయిన రోజు కూడా నేను ఏడవలేదు, వచ్చినవాళ్లకి కుర్చీలు వేయించాను.

బ్రహ్మయ్య అట్లకాడని నీళ్లలో ముంచి చల్లార్చి నా చేతికిచ్చాడు. "పట్టింది పిల్లకి కాదమ్మా, ఈయనకి" అన్నాడు రత్తమ్మ గారితో. రోగం కనిపెట్టే విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. వైద్యం చేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను.

సెప్టెంబరు 19, ఆదివారం

కార్యవర్గ సమావేశం. రాజీనామా, ఫారం రెండూ ఇచ్చాను. ఆ వేళ ఇంట్లో ఉన్నవారు అన్న గడిలో నా పేరు రాశాను. వెంకటరత్నం, సైన్సు మాస్టారు, మండలి కార్యదర్శి. భవానీప్రసాద్ తీర్మానం రాశాడు: దయ్యం లేదని రుజువైంది, కార్యదర్శి ఉన్నట్టు తేలింది. రాజీనామాని ఏకగ్రీవంగా తిరస్కరించారు. పంచాంగం చూడటం ఇంకెవరికీ రాదట.

అందరూ వెళ్లాక భావనారాయణ గారు ఫారం మళ్లీ చదివారు. చివరి గడి దగ్గర ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయన భార్య పోయి పదేళ్లు.

"మధ్యాహ్నం రేడియోలో ఆడవాళ్ల కార్యక్రమం వస్తుంది. రోజూ పెడతాను. నాకెందుకయ్యా అది?" అన్నారు.

ఫారం ఇంకోటి ఉందా అని అడిగారు. ఇచ్చాను.

సెప్టెంబరు 23, గురువారం

ఏడింటికి ఏం చేయాలో తెలియక బజారుకి వెళ్లి వచ్చాను. ఏమీ కొనలేదు.

సెప్టెంబరు 26, ఆదివారం

కమలని పిలిచి మిషన్ తీసుకెళ్లమన్నాను. జాకెట్టు ముక్కలు తొమ్మిదీ కూడా ఇచ్చేశాను. ఆ పిల్ల ముందు మిషన్ తెరిచి చూసింది. ఖాళీగా తొక్కితొక్కి పళ్లు అరగ్గొట్టేశారండీ, కొత్తవి వేయించాలి అని కోప్పడింది. ఆమె కోప్పడితే హాయిగా అనిపించింది. తుప్పు మాత్రం ఎక్కడా లేదని చెప్పాను.

సొరుగులో కత్తిరించి, కుట్టకుండా వదిలేసిన జాకెట్టు ఒకటి దొరికింది. అంచు మీద సుద్దతో రాజేశ్వరి చేతిరాత, కమల అని. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

వెళ్తూ, "అక్క తీసిన కొలతలు ఇప్పుడు నాకు వదులవుతాయండీ, మళ్లీ తినాలి" అంది.

అక్టోబరు 10, ఆదివారం

రెండో ఆదివారం సభ. కలలు, వాటి కారణాలు. నాలుగున్నరకి మొదలుపెట్టాం. పద్నాలుగు మంది వచ్చారు. దయ్యం లేకపోతే మనకి జనం లేరు అని భవానీప్రసాద్ నిట్టూర్చాడు. బజ్జీలు మిగిలిపోతే ఇంటికి పొట్లం కట్టిచ్చారు.

ఇంటికొచ్చి పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. ఏడింటికి పక్కింట్లోంచి మిషన్ చప్పుడు వినిపించింది. మెత్తగా ఉంది. అది బట్ట ఉన్న చప్పుడని ఇప్పుడు నాకూ తెలుస్తోంది. తొక్కేదెవరో తెలుసు, ఏం కుడుతోందో కూడా తెలుసు. ఫారంలో ఏ గడీ ఖాళీగా ఉండదు.

అయినా లేచి ఆవైపు కిటికీ తెరిచి, కుర్చీ అక్కడికి లాక్కున్నాను. ఆగిపోయేదాకా విన్నాను. మధ్యలో చాలాసార్లు ఆపి మళ్లీ తొక్కింది. చక్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.